పెట్టెకేం రోగం లేదు

చిరంజీవి మదియార్‌కు అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. మన తరాజ్ ఊళ్ళో మంచు కరిగి వీధులన్నీ బురదమయం. మీ నాన్న తను నడిపే బస్సును రోజుకు రెండుసార్లు కడుగుతున్నాడు, రెండుసార్లూ మార్చి నెలను తిడుతున్నాడు. కాస్పియన్ సముద్రం మీద ఓడలో నువ్వు వేళకు తింటూ, ఒంటిమీద వెచ్చగా కప్పుకుంటూ ఉన్నావని నమ్ముతాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అడిగినవాటికి వరసగా చెబుతాను. గుర్రపు మాంసం సాసేజీ నీ స్నేహితుడి చేత రైల్లో పంపాను. దారిలో వాడు సగం లాగించేస్తే నా పూచీ లేదు. మీ నాన్న మోకాలు ఎప్పటిలాగే ఉంది. డాక్టరుకు చూపించుకోమంటే ఆ డాక్టరే కుంటుతున్నాడంటాడు. ఫోనెందుకు ఎత్తడం లేదన్నావు. మీ ఓడలో యంత్రాల రొదకు నీ మాటలు సగం సముద్రంలో పడిపోతున్నాయి, ఉత్తరమైతే మొత్తం చేరుతుంది. ప్రస్తుతానికి ఈ జవాబుతో సరిపెట్టుకో.

ఇక నీ నాలుగో ప్రశ్న. నా గిటారుకు నువ్వు చేసిచ్చిన బూస్టర్ పెట్టె మీద మూడు నాబ్‌లూ ఎక్కడ పెట్టుకున్నానో బొమ్మ గీసి పంపమన్నావు. మూడు వారాలుగా ఆ బొమ్మ గీయలేక నీకు జవాబు రాయలేదు. భయం వేసింది.

ఆ పెట్టె తెచ్చిన రోజు నువ్వు చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "అమ్మా, ఇది గొంతు మార్చదు, బొంగురు చెయ్యదు. నీ చేతిలో ఉన్నదాన్నే కాస్త పెంచి యాంప్‌కి అందిస్తుంది. అరిపించకు, మాట్లాడించు." ధ్వని పెంచే మొదటి నాబ్ గడియారంలో తొమ్మిది గంటల చోట పెట్టి, బాస్ పిసరంత పెంచి, పై స్వరాలకు పదునుపెట్టే ట్రెబుల్ ముట్టుకోకుండా వాయించి చూపించావు. ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్న గిటారే, పాత వాల్వుల యాంపే. కానీ ఒక్కో తీగ నిండుగా పలికింది. పాటకు వెనకాల ఉన్నప్పుడు అలా వదిలెయ్యి, నీ వంతు వచ్చినప్పుడు మాత్రం ఇంకొంచెం తిప్పు అన్నావు. ఓడ కరెంటు బాగుచేసే కుర్రాడికి ఇంత చెవి ఎక్కడిదని పొంగిపోయాను.

మా పెళ్ళిపాటల బృందం నాయకుడు కువానిష్ నీకు ఫోను చేసి, కొత్త కోడలి ముసుగెత్తే బెతాషార్ వేడుకలో జరిగిన సంగతి చెప్పాడని రాశావు. వాడు సగమే చెప్పాడు. మిగతా సగం నేను చెప్పాలి.

ఆ పెళ్ళిలో కొత్త కోడలు ఎర్ర మేలిముసుగులో నిలబడింది. కువానిష్ ఒక్కో చుట్టం పేరూ పాటలో పిలుస్తున్నాడు, ఆ పిల్ల ఒక్కొక్కరికీ వంగి దండం పెడుతోంది. దండానికీ దండానికీ మధ్య నేను నాలుగు స్వరాలు వాయించాలి. హాలు నిండా చలికోట్లు, తివాచీలు. అవి ధ్వనిని మింగేస్తున్నాయనుకుని పాట మొదలవకముందే ట్రెబుల్ నాబ్ తిప్పాను. సరిపోలేదనిపించి ఇంకాస్త తిప్పాను. పెళ్ళికొడుకు నాయనమ్మ పేరు వచ్చినప్పుడు పెద్దావిడకు గట్టిగా వినబడాలని పెట్టె మీటను కాలితో నొక్కి ఆన్ చేశాను.

ఆ పిల్ల ఉలిక్కిపడి రెండు చేతులూ చెవులకు తీసుకెళ్ళింది. మేలిముసుగు జారి భుజం మీద పడింది. పాట ముగించి కువానిష్ కర్రతో దాన్ని ఎత్తకముందే, సగం చుట్టాల పేర్లు పిలవకముందే, కోడలి ముఖం అందరికీ కనిపించేసింది.

"ఇది గిటారా, కత్తులు నూరే చక్రమా?" అని నాయనమ్మ లేచింది. "నా మనవడి పెళ్ళాం ముసుగు తీసిందెవరు? పాటగాడా, ఈ ఇనపపెట్టా? అపశకునం కాదూ ఇది?"

"బామ్మా, నోరు తీపి చేసుకో, శకునం కూడా తీపవుతుంది" అంటూ కువానిష్ గుప్పెడు మిఠాయిలు గాల్లోకి చల్లాడు. పిల్లలు ఎగబడ్డారు, కాసిని నవ్వులు వచ్చాయి. కానీ అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. ఆ ముసుగుతో పాటు ఆ పిల్ల అదృష్టం కూడా జార్చేశానేమోనని భయపడ్డాను. అప్పుడు నేను అందరికీ వినబడేలా ఒక మాట అన్నాను. "మా అబ్బాయి చేసిన పెట్టె అండీ. వాడింకా నేర్చుకుంటున్నాడు."

ఆ మాటే నీదాకా వచ్చింది. దానికి నువ్వు నొచ్చుకోలేదు. "పొరపాటు నాదేనమ్మా, లోపల ఏదో తప్పు కలిపి ఉంటాను, ఇంకెవరికీ చేసివ్వను" అని రాశావు. సోల్డరింగ్ సామానంతా తోటివాడికి ఇచ్చేశానని కూడా రాశావు. అది చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

పెళ్ళి మర్నాడే పెట్టె పట్టుకుని బజారులో రేడియోలు బాగుచేసే యాసిర్ దగ్గరకు వెళ్ళాను. అతని దగ్గర ఈల వేసే పాత యంత్రం ఒకటుంది. సన్నటి ఈల మొదలుపెట్టి మెల్లగా పై స్థాయికి తీసుకుపోతుంది. దాన్ని నీ పెట్టెకు తగిలించి, స్పీకరు పెట్టాడు.

"పైకి పోతున్నానక్కా, విను" అన్నాడు.

ఈల లేచింది. ఇంకా లేచింది. ఆగిపోయింది. ఎందుకు ఆపావని అడగబోతున్నాను. పక్క కొట్లో ఎండు ఆప్రికాట్లు అమ్మేవాడు రెండు చెవులూ మూసుకుని, "ఒరేయ్ యాసిర్, ఆపరా నాయనా! పళ్ళు జివ్వుమంటున్నాయి!" అని గోల పెట్టాడు. బల్ల కింద కుక్క మూలుగుతూ పారిపోయింది. ఎదురు కొట్టామె నా వైపు చూసి ముఖం చిట్లించింది. యాసిర్ చెయ్యి ఇంకా ఆ యంత్రం మీదే తిరుగుతోంది. నాకు మాత్రం ఏమీ లేదు, మదియార్. బజారంతా ఒక మోతకు అల్లాడుతుంటే నేను దాని మధ్య నిశ్శబ్దంలో నిలబడి ఉన్నాను.

"ఎంత నికార్సుగా ఉందో చూశావా! పెట్టెకేం రోగం లేదక్కా. చేసినవాడి చెయ్యి ముద్దు పెట్టుకోవాలి" అన్నాడు యాసిర్.

"ఆఁ, వింటున్నాను" అన్నాను.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఏడాదిగా తీగలు మొద్దుబారాయని మార్చాను, కేబుల్ మార్చాను, యాంప్‌ను తిట్టాను. మార్చినప్పుడల్లా ట్రెబుల్ ఒక పిసరు పెంచుతూ వచ్చాను. నేను పోగొట్టుకున్నదాన్ని పెట్టెలోంచి పిండబోయాను. పక్కన తాళాలు మోగించే డ్రమ్ములవాడితో ముప్పై ఏళ్ళు కూర్చున్నాను కదా, ఆ పై స్వరాలు ఎప్పుడు పోయాయో నాకే తెలియలేదు. ఫోనులో నీ మాటలు అందకపోవడం కూడా ఓడ తప్పు కాదు. మీ నాన్నకు చెప్పలేదు. ఆయన మామూలుగానే అరిచి మాట్లాడతాడు గనక ఆయన దగ్గర దొరికిపోలేదు.

యాసిర్ మాట విన్నాక కూడా ఇన్ని రోజులూ నోరు మెదపలేదు. నీ పనితనం మీద పడ్డ మచ్చ అలాగే ఉండనిచ్చాను. చెవులు పోయిన గిటారు వాయించేదాన్ని ఎవరు పిలుస్తారన్న భయం, కన్నకొడుకు కంటే ఎక్కువైపోయింది. నీ సామాను వెనక్కి తీసుకో. పెట్టె బంగారం. మొదటి నాబ్ సగం దాటి ఉంది, బాస్ పూర్తిగా తగ్గించి ఉంది, ట్రెబుల్ చివరిదాకా తిప్పి ఉంది. నువ్వడిగిన బొమ్మ ఇదే.

నిన్న మధ్యాహ్నం రిహార్సల్‌లో కువానిష్‌కు చెప్పేశాను. శనివారం వాడి సొంత కూతురి పెళ్ళి, ఇంకో పిల్ల ముసుగు నా చేతుల్లో జారకూడదు.

"ఆర్నెల్లుగా నా పాట అద్భుతం అంటున్నావు. అందుకేనన్నమాట" అన్నాడు వాడు.

నవ్వాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని మూడు నాబ్‌లూ తన చేత్తో తిప్పాడు. "ఇప్పుడు వాయించు, జౌరేష్. ముట్టుకున్నావో, వేళ్ళు విరుస్తాను" అన్నాడు. వాయించాను. నా చెవికి దుప్పటి కప్పుకుని ఎవరో మాట్లాడినట్టుంది. పాట అయ్యాక డ్రమ్ములవాడు బొటనవేలు ఎత్తాడు. కువానిష్ "బ్రహ్మాండం" అన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

అది నా వాయింపుకా, నా మీద జాలికా? వాళ్ళ ముఖాలు ఎంతసేపు చూసినా తేలలేదు. ఇకమీదట ఎవరు మెచ్చుకున్నా నాకిదే సందేహం, మదియార్. వచ్చేవారం చెవుల డాక్టరు దగ్గరకు వెళ్తాను. ఆయన ఏం చెబుతాడోనన్న భయం కంటే ఈ భయమే నన్ను ఎక్కువ తింటోంది.

ఓడ ఒడ్డుకు రాగానే ఇంటికి రా. ఎదురుగా కూర్చో, నేను వాయిస్తాను. బాగుంటే బాగుందను. బాగోకపోతే గిటారు నా ఒళ్ళోంచి తీసుకో, నేను అడ్డం చెప్పను. నేను నీకు అబద్ధం చెప్పాను. నువ్వు మాత్రం నాకు చెప్పకు.

ఇట్లు,
నీ మాట కోసం భయపడుతూ ఎదురుచూసే
అమ్మ