విరిగిన బ్లేడు ముక్క

అక్కా,

నేను కులాసానే. అమ్మ మోకాళ్ల నొప్పులకని పంపిన ఆకుపొడి డబ్బా మాత్రం ఈ కార్డు అందగానే ఆమెకు అందకుండా తీసెయ్. పిండిమరకు ఇస్తే ఖర్చని బస్తాడు ఎండుటాకులు పాత మిక్సీలోనే పొడి కొట్టాను. నా పిసినారితనం తగలెయ్య! నిన్న విప్పి చూస్తే బ్లేడు అంచున గోరంత ముక్క లేదు. నా దగ్గర పొడి కొనే మందుల దుకాణం ఆయన "ఎందులో పడిందమ్మా?" అంటే మీకు పంపిన డబ్బా గుర్తొచ్చింది. ఇక్కడి పొడంతా రెండుసార్లు జల్లించాం. అమ్మ ఇప్పటికి ఎన్ని చెంచాలు వేసుకుంది? కడుపులో నొప్పేమైనా ఉందేమో, భయపెట్టకుండా అడుగు. చిన్నాడి దగ్గు తగ్గిందా? బావగారికి నమస్కారాలు. ఆ డబ్బా నువ్వే పలచటి బట్టలో జల్లించు. ఇక్కడ దొరకని ముక్క మీ డబ్బా అడుగునైనా ఉండాలని మొక్కుకుంటున్నాను.

నీ చెల్లి