జమైకా టీచరు నేర్చుకున్న కడప మాట

సుబ్బక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. చదవలేవని తెలిసీ రాస్తున్నాను. నిన్న ఇక్కడ జరిగింది నువ్వు వినవలసిన సంగతి.

ఈ అరబ్బు దేశంలో, సల్వాలో మన యజమానురాలు మామా పిల్లలకు ఇంగ్లీషు చెప్పే కొత్త టీచరుది జమైకా. నిన్న తన దేశపు సినిమా డీవీడీ ఒకటి తెచ్చి పెట్టింది. నేను బట్టలు మడతపెడుతూ చూశాను. అందులో బజారులో కాయగూరలమ్మే ఒకామె, బ్యాంకులో దొరల ఇంగ్లీషు మాట్లాడబోయి తడబడింది. చివరికి తన ఇంటి మాటలోనే గట్టిగా అడిగి పని సాధించుకుంది. పిల్లలు నవ్వారు. టీచరు నవ్వలేదు.

“తెల్లవాళ్లు పోయాక కూడా, మా మాట పలికితే బళ్లో కొట్టేవాళ్లు,” అంది.

“ఆమే హీరోయినా?” అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

“అవును. ఎందుకడిగావు?”

మనిద్దరం ఈ వంటింట్లో పనిచేసిన రోజుల్లో నువ్వన్నది చెప్పాను: “మన కడప మాట సినిమాల్లో కత్తులు పట్టుకున్నోళ్లకేనా మే? ఉల్లిగడ్డలు తరిగేవాళ్లం మాట్లాడమా?”

టీచరు చాలాసేపు నవ్వి, కడప మాట ఎలా ఉంటుందో వినిపించమంది. “తిన్యావా మే?” అన్నాను, నువ్వు రోజూ అడిగినట్టు. ఆమె రెండు మూడుసార్లు పలికి చూసుకుంది.

ఈ రోజు గుమ్మంలోకి వస్తూనే నన్ను చూసి, “తిన్యావా మే?” అంది.

“తిన్యా,” అన్నాను. అప్పటికింకా తినలేదక్కా.