మంగమ్మ పిన్ని మాట వినలేదట

గుడివాడ,
ఆదివారం

అక్కకి దుర్గ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బావా పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. హాస్టల్ గదిలో నలుగురం. నేను కోపంగా మాట్లాడితే మిగతా ముగ్గురూ పని ఆపి నా మొహం చూస్తారు. నాకేమో ఈ వారమంతా కోపంగానే ఉంది.

తిండికి లోటు లేదు, సాంబారు ఒక్కటే మరీ నీళ్ళగా ఉంటుంది. సముద్రపు గాలి లేక ఉక్క చంపేస్తోంది. మొదటి నెలలోలా ఏడుపు రావడం లేదులే, ఆ మాట అమ్మకి చెప్పు. బావ ఇటు వస్తే నా గొడుగు పంపించు.

ఉద్యోగం సంగతి నీకు సగమే చెప్పాను. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోగులు నెల తిరక్కుండానే మళ్ళీ ఎందుకొస్తున్నారని ఇక్కడి డాక్టర్లు రీసెర్చ్ చేస్తున్నారు. దాన్నిబట్టి డాక్టరు చదివే పిల్లలకి పాఠాలు మారుస్తారట. వచ్చినవాళ్ళని ప్రశ్నలడిగి ఫారాలు నింపడం నా పని.

మంగళవారం మంగమ్మ పిన్ని మళ్ళీ వచ్చింది. మన హంసలదీవి వైపు మనిషే. ఇక్కడ కూతురి దగ్గర ఉంటూ మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. గుండె బలహీనం. ఒంట్లో నీరు చేరి కాళ్ళు ఉబ్బిపోయాయి, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పోయిన నెల పంపేటప్పుడు ఉప్పు తగ్గించమని కాగితం మీద రాసిచ్చారు. ఈసారి చూసిన కుర్రడాక్టరు ఆ కాగితం తిరగేసి, "చెప్పిన మాట వినకపోతే మేమేం చేస్తామమ్మా?" అన్నాడు, వార్డంతా వింటుండగా. ఆవిడ మంచం మీంచే చేతులు జోడించి "తప్పయిపోయిందండీ" అంది. ఆయన "సరేలే" అన్నాడక్కా! ఏం తప్పు చేసిందని ఆవిడ బతిమాలాలి? ఏం తెలుసుకున్నాడని ఈయన క్షమించాలి? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన వెళ్ళాక స్టూలు లాక్కుని కూర్చున్నాను. "పిన్నీ, నిన్న పొద్దుట్నుంచి ఏం తిన్నావో చెప్పు."

"ఏం తింటానే, చప్పిడి కూడు. మా అమ్మాయి కూరలో రవ్వంత ఉప్పు కూడా వెయ్యట్లేదు. ముద్ద దిగక ఎండుచేప ముక్క కాల్చుకుని నంజుకుంటున్నా."

"రోజూనా?"

"రెండు పూటలానూ."

"దాన్నిండా ఉప్పే కదా పిన్నీ!"

"అదేంటే, అది చేప కదా! చేప మానమని ఎవరూ చెప్పలేదే."

నిజమే, ఎవరూ చెప్పలేదు. మనింట్లో మాత్రం ఎండుచేపని ఉప్పు కింద ఎవరు చూస్తారు, ఉప్పు పట్టించి ఆరబెట్టేది మనమే అయినా! ఆవిడ మాట విన్నది. వినబట్టే కూర చప్పగా అయింది, చప్పగా అయ్యే ఎండుచేప ఎక్కువైంది. ఇక మానెయ్యమని నేను చెప్పాను. "కాగితంలో రాయించవే, లేకపోతే మా అమ్మాయి నమ్మదు" అంది.

రాయించాలంటే మేడం దగ్గరికి వెళ్ళాలి. రీసెర్చ్ ఆవిడదే. కాగితం సంగతి తర్వాత, ముందు పిన్ని ఫారం పూర్తి చెయ్యమన్నారు. అందులో ఉన్నవి రెండే గడులు: సలహా పాటించారు, పాటించలేదు. రెండోదానిలో టిక్కు పెట్టమన్నారు. పెట్టనన్నాను. "డాక్టరు గారు ఏం అడిగారో రాయడానికి గడి ఎక్కడుందండీ?" అన్నాను. రీసెర్చ్ మధ్యలో ప్రశ్నలు మార్చకూడదట. రేపు మీటింగులో నేను సంజాయిషీ చెప్పుకోవాలట. ఆ టిక్కు పడితే పిన్ని మొండిమనిషని ఫైల్లో ఉండిపోతుంది. ఎల్లుండి ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ అదే కాగితం చేతిలో పెడతారు. మూడోసారి తట్టుకునే ఓపిక ఆ గుండెకి లేదక్కా. చదువుకునే పిల్లలకేమో రోగులు మాట వినరని పాఠం చెప్తారు.

ఉద్యోగం పోతుందేమోనని భయంగానే ఉంది, నీ దగ్గర అబద్ధమెందుకు. ఇంకో మాట కూడా ఉంది. పోయిన నెల ఆ కాగితం ఆవిడకి చదివి వినిపించింది నేనే. "ఉప్పు తగ్గించు పిన్నీ" అన్నాను, ఆవిడ తలూపింది, అర్థమైందని రాసుకుని పక్క మంచానికి వెళ్ళిపోయాను. ఆవిడ ఏం అమ్ముతుందో తెలిసి కూడా ఏం తింటుందని అడగలేదు. రేపు మీటింగులో ముందు ఆ మాటే చెప్తాను. తర్వాత వాళ్ళ వంతు.

అమ్మకీ బావకీ నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మోపిదేవి వెళ్తే మంగమ్మ పిన్ని పేరున దణ్ణం పెట్టు, నా ఉద్యోగం పేరున కూడా ఒకటి.

నీ దీవెన కోరే చెల్లెలు,
దుర్గ