న్యూట్రల్ కాదు, రెండో గేరు

కర్నూలు, 2006, ఆదివారం రాత్రి

గిద్దలూరు నుంచి వస్తూ ఈ రోజు నల్లమల ఘాటు రోడ్డు మొత్తం కారును నేనే దింపాను!

మా కొత్త కారు ఆటోమేటిక్. పక్క సీట్లో మామయ్య, మా అమ్మకు అన్న. తన పాత కారును ముప్పై ఏళ్లు నడిపిన అలవాటుతో దీనికీ అదే చెప్పాడు. "దిగుడు వచ్చినాది, న్యూట్రల్ ఎయ్యమ్మా. పెట్రోలు మిగుల్తాది." పెద్దాయన మాట కాదనలేక వేశాను. నాలుగు మలుపులు తిరిగేసరికి బ్రేకు మీంచి కాలు తియ్యలేకపోయాను. కాలిన వాసన వచ్చింది, పెడల్ మెత్తబడింది. ముందేమో నాపరాళ్ల లారీ.

అప్పుడు గుర్తొచ్చింది, కారుతో వచ్చిన పుస్తకంలో చదివిన ముక్క: దిగుడులో చిన్న గేరు వేస్తే ఇంజనే వేగాన్ని తగ్గిస్తుందని. లివర్‌ను ‘డి’లోకి, అక్కడి నుంచి ‘2’లోకి, అంటే రెండో గేరులోకి లాగాను. ఇంజను గట్టిగా అరిచింది, బండి దానంతటదే నెమ్మదించింది.

"ఏమాయమ్మా? ఇంజను పగుల్తాది, ఆపు!" అన్నాడు మామయ్య.

"ఏం కాదు మామా, ఇంజనే బండిని పట్టుకోనుండాది. సూడు, నా కాలు బ్రేకు మీద లేదు."

ఆయన నిజంగానే వంగి నా కాలు చూశాడు! నాకు నవ్వు ఆగలేదు. కొండ కిందికొచ్చేదాకా బ్రేకును మలుపుల దగ్గరే తాకాను. ఎంత హాయి! రేపు మాత్రం బ్రేకులు మెకానిక్కుకు చూపించాలి, మర్చిపోకూడదు.

ఇంటి దగ్గర దిగుతూ మామయ్య గొంతు తగ్గించి అన్నాడు. "పిల్లోళ్లనంతా ఎక్కిచ్చుకొని ఎన్నితూర్లు న్యూట్రల్‌లో దిగింటినో గదమ్మా..."

ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. అన్నిసార్లూ వెనక సీట్లో నేను హాయిగా నిద్రపోయాను.