ఖాళీ కొక్కెం

ఫారో దీవులు,
ఆగస్టు 18

అమ్మమ్మా, దీవించు.

నువ్వు ఫోను ఎత్తనన్నావు కాబట్టి రాస్తున్నాను. ఫోనులో నేను అబద్ధాలాడతానట, కాగితం మీదైతే చేతి వణుకు కనబడుతుందట. చూసుకో మరి, వణుకుతోంది.

మార్చిలో వచ్చాను. పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడాను. గోల్ ఒక్కటి లేదు. బ్రెజిల్ నించి వచ్చినవాడంటే బంతితో గారడీ చేస్తాడనుకున్నారు పాపం. ఇక్కడి గాలికి బంతి నేను తన్నినవైపు పోనేపోదు. అక్టోబర్లో ఆటలు ముగిసేలోగా గోల్ పడకపోతే నన్ను ఇంటికి పంపేస్తారు. డప్పులు కొట్టి బస్సెక్కించిన ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని దిగను?

అదొక భయం. ఇంకోటుంది, ఎవరికీ చెప్పకు. నిన్న మా క్లబ్బు పెద్ద హల్గిర్ నన్నో చెక్కల కొట్టంలోకి తీసుకెళ్ళాడు. లోపల తోలు ఒలిచిన గొర్రెలు బూజుపట్టి వేలాడుతున్నాయి. మాంసం నిలవుండడానికి ఉప్పు లేదు, పొగ లేదు, చెక్కల సందుల్లోంచి గాలి ఒక్కటే. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. బంతి తన్నినట్టు కాలాడించి, ఓ ఖాళీ కొక్కెం చూపించి, నా రొమ్ము మీద వేలు పెట్టాడు. నవ్వలేదు.

ఇంకా నేలమీదే ఉన్న నీ మనవడు,
ఎరివెల్టన్

తా.క. ఆ మాంసమే భోజనంలో పెట్టారు. తిన్నాను. అంత భయంలోనూ రుచి తెలిసింది, అదే సిగ్గుగా ఉంది.


లగోవా సెక, సెయరా,
సెప్టెంబర్ 6

ఒరే ఎరివెల్టన్, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ ఉత్తరం చదువుతుంటే పొయ్యిమీద కాఫీ అంతా పొంగిపోయింది, నేను చూళ్ళేదు. గోల్ కొట్టనివాణ్ణి కొక్కేనికి వేస్తారన్నమాట. ఇదేం ఆటరా? మనూళ్ళో ఎంత చెత్తగా ఆడినా వాడి అమ్మని నాలుగు తిట్టి వదిలేస్తారు.

నేనేం చేతులు కట్టుకుని కూర్చోలేదులే. మనింట్లో పునీత అంతోనివారి సంగతి తెలుసుగా, మర్యాదగా అడిగితే పలకడు. నువ్వు బస్సెక్కిన రోజే ఆయన బొమ్మ చేతిలోని బాల యేసుని లాగేసుకుని కర్రపెండలం పిండి డబ్బాలో దాచాను. నా కోరిక తీర్చేదాకా నీ బిడ్డ నా దగ్గరే అని మొహమ్మీదే చెప్పాను. ఆరు నెలలైంది, ఎవరు మొండో చూద్దాం.

నువ్వు మాత్రం తిండి తగ్గించు. బక్కదాన్ని ఎవరూ కోయరు.

నీ అమ్మమ్మ,
ఒజానీరా

తా.క. మొన్న ఫాదరుగారు భోజనానికొచ్చి, అన్నం మీద చల్లుకునే పిండి కోసం గరిట పెడితే బాల యేసు వచ్చాడు. మళ్ళీ లోపల పెట్టేసి మూత వేశారు. ఆ పూట పిండి లేకుండానే భోంచేశారు.


ఫారో దీవులు,
సెప్టెంబర్ 24

అమ్మమ్మా, దీవించు, ఈసారి కాస్త గట్టిగా.

తిండి తగ్గించాను. నేనుంటున్న ఇంటావిడ మర్జున్‌కి కోపమొచ్చి రెట్టింపు పెడుతోంది. ఆవిడ ఈ ఆరు నెలల్లో నాతో ఆరు మాటలాడి ఉంటే గొప్ప. నిన్న పొద్దున గంజి తాగుతుంటే వెనకనించి వచ్చి ఊలుదారంతో నా భుజాలు కొలిచింది. తర్వాత రొమ్ము, తర్వాత చేతులు. దారానికి ముళ్ళేసి, ఏదో రాసుకుని, తలూపి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూద్దును కదా, కొట్టం ముందు హల్గిర్ కత్తి నూరుతున్నాడు. ఆవిడ వెళ్ళి ఆ దారం చూపించింది. ఇద్దరూ నావైపు తిరిగి తలలూపారు.

ఇంకా మూడే మ్యాచ్‌లున్నాయి. అంతోనివారిని ఇంకాస్త బెదిరించవే.

కొలతలు పూర్తయిన నీ మనవడు,
ఎరివెల్టన్

తా.క. పారిపోదామని రేవుకెళ్ళాను. అక్కడ టికెట్లమ్మేది మా గోల్‌కీపరే. గడియారం చూపించి, ప్రాక్టీసుకి టైమైందని సైగ చేశాడు. వెళ్ళి ప్రాక్టీసు చేశాను.


లగోవా సెక,
అక్టోబర్ 12

నాయనా ఎరివెల్టన్, దేవుడు నిన్ను కాపాడాలి.

మనూళ్ళో మనిషిని దారంతో కొలిచేది వడ్రంగి అద్జెమీరో ఒక్కడే. అదీ ప్రాణం పోయాక, పెట్టె చెయ్యడానికి. నీ ఉత్తరం చదివి, ఇవాళ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని అంతోనివారితో కొత్త మాట ఒకటి మాట్లాడాను. ఏమిటో అడక్కు, నాకు సిగ్గు.

గోల్ సంగతి మర్చిపో. ఒంటరిగా నడవకు. ఆవిడ చూడకుండా ఆ దారం తీసి పొయ్యిలో పడేయ్. కొలత లేందే పెట్టె ఎలా చేస్తారో చూస్తాను. బతికున్నానని ఒక్క ముక్క రాయి, చాలు.

నీ అమ్మమ్మ

తా.క. పెట్టెకి చేతుల కొలత ఎందుకని అద్జెమీరోని అడిగాను. "పైదేశం పెట్టెలకి చేతులుంటాయేమో ఒజానీరమ్మా" అన్నాడు.


ఫారో దీవులు,
అక్టోబర్ 29

అమ్మమ్మా, దీవించు.

బతికున్నాను. గోల్ కూడా పడింది. పన్నెండో తారీఖున, ఆఖరి మ్యాచ్‌లో. మావాడు కొట్టిన బంతి గాలికి పక్కకి పోతూ నా వీపుకి తగిలి లోపలికెళ్ళింది. నేను అటు చూడను కూడా లేదు. ఇక్కడి జనం అరవగలరని ఆ రోజే తెలిసింది.

మర్నాడు హల్గిర్ నన్ను కొట్టంలోకి లాక్కెళ్ళాడు. గోల్ కొట్టినా వదలరా అని ఏడుపొచ్చింది. చూస్తే ఆ ఖాళీ కొక్కేనికి కొత్తగా కోసిన గొర్రె, దాని మీద చీటీ, చీటీ మీద నా పేరు. రేవులో ఉన్న పోర్చుగల్ పడవ వంటవాణ్ణి పిలిపించి మన భాషలో చెప్పించాడు. గోల్ కొడితే చలికాలం ఇక్కడే ఉంటావు, క్రిస్మస్‌కి నీ గొర్రె ఈ కొక్కేనికి ఆరుతుంది అని ఆగస్టులోనే చెప్పాడట మహానుభావుడు. మర్జున్ కొలతలు స్వెటర్‌కి. అది వేసుకునే రాస్తున్నాను.

రెండేళ్ళకి సంతకం పెట్టాను. అంతోనివారికి బిడ్డని ఇచ్చెయ్యి, పాపం.

నీ మనవడు,
ఎరివెల్టన్

తా.క. దారం కాల్చమన్న నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. స్వెటర్ బతికింది.


లగోవా సెక,
నవంబర్ 15

ఒరే నాయనా, దేవుడు నిన్ను దీవించాలి, నన్ను క్షమించాలి.

గోల్ పడిన తారీఖు రెండుసార్లు చదివాను. ఇంక దాచను. మార్చిలో నేనడిగింది గోల్ కాదురా. "నా బిడ్డని తీసుకుపోయావు, నీ బిడ్డని తీసుకుంటున్నాను. వాడు గోల్ కొట్టకుండా ఇంటికొస్తే నీది నీకిస్తాను" అన్నాను. ఇన్ని మ్యాచ్‌లూ నీ కాళ్ళకి అడ్డంపడింది గాలి కాదు, నేను. నువ్విక తిరిగి రావేమోనని భయంరా.

కొలతల ఉత్తరం చూశాక ఆ భయం చిన్నదైపోయింది. పన్నెండో తారీఖు పొద్దున బిడ్డని డబ్బాలోంచి తీసి, పిండి కడిగి, ఆయన చేతిలో పెట్టేశాను. "నా దగ్గరికి రాకపోయినా సరే, ఎక్కడో ఒకచోట వాడు బతికుంటే చాలు" అన్నాను. ఏడు నెలలు నా మాట విని నిన్నాపినవాడు, పూట తిరక్కుండానే వదిలేశాడు.

ఆడుకో నాయనా. నీ గొర్రె నువ్వు తిను.

నీ అమ్మమ్మ,
ఒజానీరా

తా.క. రెండేళ్ళే. పిండి డబ్బా పారెయ్యలేదు.