మస్తాన్‌బీ కోడలు అడిగిన సాయం

పటమట,
18 జూన్ 1973.

ప్రియమైన జీవరత్నానికి ప్రభువు పేరిట అమ్మ దీవెనలు.

ఇక్కడ మేం కులాసాగానే ఉన్నాం. నాన్నగారి మోకాలు ఎలా ఉందని అడిగావు. నయమే, ఆదివారం చర్చికి నడిచే వచ్చారు. కాలవలకు ఇంకా నీళ్ళు వదల్లేదు. బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

నీ ఉత్తరం చదివినప్పటినుంచీ మనసు మనసులో లేదు. ఇథియోపియాలో నీ పక్కింటి జెనెట్ తన చిన్న కూతురికి మర్మస్థానంలో కోత పెట్టించాలనుకుంటోందనీ, "ముసలమ్మ బ్లేడు కంటే నర్సువి నీ చెయ్యి నయం" అని బతిమాలిందనీ, నువ్వు కాదన్నాక మాట్లాడటమే మానేసిందనీ రాశావు. మన బైబిలే చదివే మనిషి ఇలా ఎలా చేయిస్తుందని అడిగావు. నువ్వు కాదనడం సరైనదే తల్లీ. శుభ్రంగా కోసినా అది కోతే.

ఆ సంగతి మన వెనకింటి మస్తాన్‌బీకి చెప్పాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆడపిల్లకా! ఇదేం పోయేకాలం మార్తమ్మగారూ?"

"మీ దేశంలో మగపిల్లలకి చెయ్యరా అని జెనెట్ అడిగిందట."

"అది వేరండీ. సున్తీ కాకపోతే వాణ్ణి మావాళ్ళెవరు కలుపుకుంటారు?"

"కోత లేని పిల్లనెవరు చేసుకుంటారని ఆవిడా అంటోందట."

రెండూ ఒకటేనని నేననను. కోత పడిన ఆడవాళ్ళకి కాన్పుల్లో వస్తాయని నువ్వు రాసిన కష్టాలు మగవాడికి లేవు. కానీ ఇద్దరి భయమూ ఒకటే.

నీకు చెప్పాలా వద్దా అనుకుంటూ ఇంతదాకా వచ్చాను. పోయినవారం మస్తాన్‌బీ మనవడికి సున్తీ చేశారు. నర్సుగా చేసినదాన్నని కట్టు కట్టడానికి పిలిస్తే వెళ్ళాను. తన్నుకుంటున్న ఆ పిల్లాడి చేతులు పట్టుకున్నది నేనే. "మామ్మా, వదులు" అని ఏడ్చాడు. వదల్లేదు.

బయటికొస్తే వాడి తల్లి పెరట్లో నిలబడి ఉంది.

"నన్నెవరూ అడగలేదండీ. పెద్దయ్యాక వాణ్ణే అడుగుదామనుకున్నా. చిన్నవాడి వంతొచ్చినప్పుడు నా పక్కన నిలబడతారా?" అంది.

నిన్న ఆ అమ్మాయితోపాటు వెళ్ళి చిన్నవాణ్ణి పెద్దయ్యాక అడిగే చేయిద్దామని మస్తాన్‌బీకి చెప్పాను. ఆవిడ ముఖం గంటు పెట్టుకుంది. ఎప్పుడూ ఇచ్చే టీ కూడా ఇవ్వలేదు. కానీ లేచి వెళ్ళిపోలేదు. కోడలితో, "కూర్చో. ఏమంటావో చెప్పు" అంది.

జెనెట్ తలుపు వేసినా నువ్వు మళ్ళీ వెళ్ళమ్మా. ముందు ఆవిడ భయమేమిటో విను. కూతురికి కోత వద్దనుకునే తల్లి ఆ వీధిలో ఇంకొకతె ఉండే ఉంటుంది, పైకి అనలేదంతే. ఆ తల్లిని వెతికి జెనెట్ దగ్గరికి తీసుకెళ్ళు.

ఇట్లు,
నీకోసం ప్రార్థించే అమ్మ,
మార్త.