మూడు వరసల మోచేతులు

టొలీడో

ప్రియమైన నాన్నా,

భోజనాల దగ్గర అందరి ముందూ "మా మారెన్‌కి డాంట్రెల్ అంటే జాలి" అన్నావట. అన్నయ్య ఫోన్ చేసి మరీ నవ్వాడు. జాలి కాదు. నీ బాస్కెట్‌బాల్ జట్టుకి ఆటగాళ్లను చూసిపెట్టడం నా ఉద్యోగం. చూసిందే చెబుతున్నాను.

వాడు ఈ ఏడాది బాగా ఆడటం లేదు, నిజమే. కానీ వాడి సొంత ఊరు టొలీడో జట్టుకి వాణ్ణి ఇచ్చేసి, బదులుగా వాళ్ల సెంటర్ ఆటగాణ్ణి తెచ్చుకోవడం తప్పు. నిన్న ఇక్కడ ఆటలో, బెంచీ వెనక మూడు వరసలూ వాడి చుట్టాలే. వాడు ఫ్రీ త్రోకి నిలబడగానే అందరూ లేచి, మోచేయి ఎలా పెట్టాలో గాలిలో చూపించారు. "మోచెయ్యి లోపలికి పెట్టరా, డాంటీ!" అని మేనమామ ఒకటే అరుపు. వాడు బుట్టను చూడలేదు, వాళ్లను చూశాడు. రెండు త్రోలూ పోయాయి.

పరాయి ఊళ్లలో బాగానే వేస్తాడు. తడబడేది ఇక్కడా, మన డులూత్‌లోనూ. ఎందుకో ఆలోచించు.

నీ
మారెన్

డులూత్

నా మొండిఘటం మారెన్‌కి,

కాగితం మీద రాసి మంచిపని చేశావు. ఆటగాళ్ల మార్పిడి, అదే ట్రేడ్ మాట ఫోన్లో అంటే సాయంత్రానికి పేపర్లో ఉంటుంది.

టొలీడోలో వాళ్లమ్మ చేతి వంట తింటే పిల్లాడు కుదురుకుంటాడు. చుట్టాలు అరిస్తే ఏమైంది? నీ స్కూలు ఆటల్లో నేను అరవలేదూ? నీకేం తక్కువైంది? చదువు కోసం నువ్వే ఆట మానేశావు. స్పోకేన్ జట్టు వాళ్లూ వాణ్ణి అడుగుతున్నారు గానీ, అంత దూరమైతే బెంగపెట్టుకుంటాడు. శుక్రవారం టొలీడోతో సంతకాలు.

ఆదివారానికి వచ్చెయ్. మీ అమ్మ బంగాళాదుంప రొట్టెలు చేస్తోంది.

ప్రేమతో
మీ నాన్న ఆర్విడ్

స్పోకేన్

నాన్నా,

పైన ఊరి పేరు చూశావుగా. నీ దగ్గర ఉద్యోగం మానేశాను. ఇక్కడి జట్టులో చేరాను.

నేను ఆట మానేసింది చదువు కోసం కాదు. బంతి పట్టుకున్న ప్రతిసారీ ముందు వరసలో నీ మోచెయ్యి కనిపించేది. డులూత్‌లో డాంట్రెల్‌కి కనిపించేదీ అదే. నువ్వింకా ఆ ముందు వరస కుర్చీలోనే కూర్చుంటావు, ఇంకా చెయ్యెత్తి చూపిస్తావు.

టొలీడోలో వాణ్ణి అడిగాను, స్పోకేన్ అయితే వెళ్తావా అని. "అక్కడ మావాళ్లెవరైనా ఉన్నారా అక్కా?" అన్నాడు. లేరన్నాను. "అయితే బ్యాగు సర్దుకుంటా" అన్నాడు.

మేమిచ్చే సెంటర్ టొలీడో వాడికన్నా పొడుగు, వయసులోనూ చిన్న. మీ జట్టు యజమానురాలు హెడ్లండ్ గారు నిన్ననే సరేనన్నారు. శుక్రవారం నువ్వు సంతకం పెట్టేది మా కాగితాల మీద.

అమ్మకి రొట్టెలు చెయ్యొద్దని చెప్పు. ఆదివారం నేను రావడం లేదు. ఇక్కడే ఉంటున్నాను.

మారెన్